కింది ఒడ్డు ఆకు

బీడీలు చుట్టే తునికాకును చేత్తో పట్టుకుంటే అది ఏ నేలలో పెరిగిందో చెప్పేస్తానని నాకు చాలా ఏళ్ళు గర్వం ఉండేది. కొత్తవాళ్ళెవరైనా వస్తే అడక్కపోయినా చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడిగినా చెప్పను. నా మాట మీద ఒక ముసలావిడ ఏడాదిపాటు సొంత ఊళ్ళో తల వంచుకొని తిరిగింది. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. రాస్తే మనసు తేలికపడుతుందని ఎవరో అన్నారు గానీ నాకు అలాంటి నమ్మకాలు లేవు.

మాది తెలంగాణ సరిహద్దులో, మహారాష్ట్ర వైపున్న సిరొంచ. బజార్లో తాతల నాటి కిరాణా కొట్టు ఉంది, దాన్ని మా అన్న చూసుకుంటాడు. కొట్లో కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. త్రాసు ముందు కాళ్ళు ముడుచుకొని, వచ్చిన ప్రతివాణ్ణీ నవ్వుతూ పలకరించే ఓపిక నాకు లేదు. వీడి మొహం చూస్తే బేరం పక్క కొట్టుకు పోతుందని నాన్న నన్ను అడవి సరుకు మీద పెట్టాడు. కరక్కాయ, ఇప్పపువ్వు, సారపలుకులు, ఎండాకాలం వస్తే తునికాకు. చెట్లతో నవ్వుతూ మాట్లాడాల్సిన పని లేదు కాబట్టి నాకు ఆ పని కుదిరింది.

ఆకు కోసే ఆ మూడు నాలుగు వారాలు ఏదో ఒక అడవి ఊరి కల్లంలో ఉంటాను. కల్లమంటే ఊరి బయట చదును చేసిన జాగా. ఆడవాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి ఆకు తెంపుకొస్తారు. నలుగురైదుగురు ఒక ఇంటి చావడిలో కూర్చొని, ఎవరి కుప్ప వాళ్ళు పక్కపక్కనే పోసుకొని, ఒకరికొకరు సాయపడుతూ, నారతో కట్టలు కడతారు. పొద్దు వాలాక ఆ కట్టలు కల్లానికి వస్తాయి. నేను చూసి సరేనంటే వరసలో ఎండకు పెడతారు, కాదంటే పక్కన పడేస్తారు. సరే, కాదు. ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం ఆ రెండు మాటలే.

నాన్న నాకు ఆకు కంటే ముందు నేల నేర్పాడు. "చెట్టు తర్వాత జూడు, ముందుగాల కాళ్ళ కింద జూడు" అనేవాడు. గుట్ట మీద రాళ్ళ నేలలో నల్లమద్దిని చూపించేవాడు. దాని బెరడు నల్లగా, గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. అదే రోజు వాగులోకి దించి, తడి నేలలో నిలబడ్డ తెల్లమద్దిని చూపించేవాడు. నున్నగా, తెల్లగా, పొరలు పొరలుగా ఊడే బెరడు. రెండూ ఒక ఇంటి పిల్లలే. కానీ అది గుట్ట దిగదు, ఇది గుట్ట ఎక్కదు. నేలను బట్టి చెట్టు జాతిని చెప్పొచ్చని నేను నేర్చుకున్నది అక్కడే.

కరక్కాయ దగ్గర వేరే పాఠం. మొరం నేలలో కాసిన కాయ చిన్నగా, గట్టిగా, కొట్టినా పగలనట్టు ఉంటుంది. ఒండ్రు నేలలో అదే చెట్టు పొడుగాటి కాయ కాస్తుంది. టేకు కూడా అంతే. లోతైన నేలలో నిటారుగా పోయే చెట్టు, రాతి పలక మీద వంకరలు తిరిగి, మనిషంత ఎత్తులోనే కొమ్మలేసి కూర్చుంటుంది. చూస్తే రెండూ టేకులేనని నమ్మబుద్ధి కాదు. అంటే కొన్నిచోట్ల నేల మారితే చెట్టే మారుతుంది. కొన్నిచోట్ల చెట్టు అదే, రూపం మారుతుంది. ఈ రెండింటికీ తేడా కనిపెట్టడమే అసలు విద్య. ఆ విద్య నాకు వచ్చనుకున్నాను.

తునికికి కూడా ఒక చుట్టం ఉంది. మేం దాన్ని పిచ్చితునికి అంటాం. వాగుల పక్కన, నీడలో పెరుగుతుంది. ఆకు పలుచగా, కోలగా, రెండు వైపులా నున్నగా ఉంటుంది. ఎండితే పెళుసు, బీడీ చుట్టబోతే చిట్లిపోతుంది. అది కట్టల్లో కలిసిందంటే ఆ ఊరి ఆకు మొత్తానికి చెడ్డపేరు వస్తుంది. అందుకే నాన్న ఒక గుర్తు చెప్పాడు. ఆకు తిరగేసి అడుగు భాగాన్ని బొటనవేలితో రుద్దాలి. మెత్తటి నూగు తగిలితే తునికి, తగలకపోతే పిచ్చితునికి. ఆ గుర్తు ఏనాడూ తప్పలేదు. నాన్న తిరిగిందంతా ఏటపల్లి దిక్కు గుట్టల్లో. అక్కడ ఉన్నదంతా ఎర్ర మొరం, రాయి. అక్కడి తునికాకు అరచేయంత, గుండ్రంగా, మందంగా, అడుగున దట్టమైన నూగుతో ఉంటుంది. గుట్టల్లో తయారైన గుర్తును నేను నది ఒడ్డుకు మోసుకుపోయానని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ముసలావిడ సంగతి జరిగిన ఏడాదే, శివరాత్రి పోయిన వారానికి నా భార్య చనిపోయింది. ఆరు నెలలు మంచంలో ఉండి పోయింది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్ని రోజులు చూశాను. పదకొండో రోజు భోజనాల దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందని నేనే అన్నానట. అన్నానని మా వదిన తర్వాత చెప్పింది, నాకు గుర్తు లేదు. తింటున్నాను, పడుకుంటున్నాను, ఎవరైనా పలకరిస్తే జవాబు చెబుతున్నాను. లోపల మాత్రం ఏమీ లేదు. బాధ ఉంటే బాధ అని చెప్పుకోవచ్చు, అదీ లేదు.

ఎండాకాలం వచ్చాక అన్న అన్నాడు, "ఈసారి అడివికి పోకురా. జర ఇంట్లనే ఉండు."

"ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె?"

నేను సంచి సర్దుకొని బస్సెక్కాను.

ఆ ఊరు పాతగూడెం దాటాక, ఇంద్రావతి ఒడ్డు మీద ఉంటుంది. అప్పటికి మూడు సీజన్ల నుంచి ఆ కల్లానికే పోతున్నాను. ఊళ్ళో అందరూ ఎప్పటి నుంచో అడవిని నమ్ముకొని బతుకుతున్నవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు గోండి మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. గ్రామసభ పెద్ద నా ఈడువాడు, అతనికి మరాఠీ కాగితాలు కూడా చదవడం వచ్చు. కల్లం పెట్టేదీ, నన్ను పిలిచేదీ ఆ గ్రామసభే. ఎవరైనా చెడ్డ ఆకు కలిపితే ఆ ఇంటి ఆకు ఆ సీజన్ మొత్తం తీసుకోకూడదని వాళ్ళే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. నేను వెళ్ళిన మూడేళ్ళలో దాన్ని వాడాల్సిన పని పడలేదు.

ఆ ఊళ్ళో ఆకు తెంపడం అందరికంటే బాగా తెలిసిన మనిషి ఒక అవ్వ. డెబ్భైకి దగ్గర్లో ఉంటుంది. కొడుకు మిరపకాయ ఏరడానికి తెలంగాణకు పోతే నెలల తరబడి రాడు, ఇంట్లో ఒక్కతే. కొత్త కోడళ్ళు ఎవరు వచ్చినా ఏ ఆకు లేతది, ఏది ముదురుది, కట్ట ఎంత బిగించాలి అన్నది ఆమె దగ్గరే నేర్చుకునేవాళ్ళు. నన్ను "బిడ్డా" అని పిలిచేది. మొదటి ఏడాది నేను ఎండకు కళ్ళు తిరిగి కూలబడితే అంబలి తెచ్చి తాగించింది. తాగేదాకా నిలబడి చూసింది కూడా.

ఆ సీజన్‌లో రెండో రోజో మూడో రోజో ఆమె కట్టలు నా చేతికొచ్చాయి. ఆకు పొడుగ్గా, పలుచగా, లేత రంగులో ఉంది. తిరగేసి రుద్దాను. నూగు తగల్లేదు. ఇంకో కట్ట తీశాను, అదీ అంతే.

"అవ్వా, ఇది తునికాకు గాదు."

"తునికాకే బిడ్డా."

"మరి నూగేది?"

ఆమె ఆ ఆకును తీసుకొని తనూ చూసింది. "పోయిన వానలకు నేల మారింది బిడ్డా. అందుకే ఆకు గిట్ల వచ్చింది" అన్నది.

నేను వెంటనే అన్నాను, "నేల మారితే ఆకు పెద్దగైతది, చిన్నగైతది. జాతి మారుతదా ఏంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాట బాగా తగిలిందని నాకూ అనిపించింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది. నేనన్నది నిజమే. నేల మారితే జాతి మారదు. ఆమె చెబుతున్నదీ అదే. ఆమె వాదననే తీసుకొని ఆమె మీదికే విసిరాను, అందరూ నవ్వారు.

మర్నాడు మళ్ళీ అదే ఆకు తెచ్చింది. మళ్ళీ పక్కన పెట్టించాను. ముసలిదయింది, దూరం నడవలేక, వాగు పక్కన దొరికిందల్లా తెంపుకొస్తోందనుకున్నాను. కనీసం జాలైనా పడాల్సింది. ఏమీ పడలేదు. మూడో రోజు ఆమె కట్ట విప్పి, ఆకులు ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచాను, అందరికీ కనపడేట్టు. "గిది జూడుండ్రి, గిది జూడుండ్రి" అంటూ. దుఃఖంలో ఉన్నాను కాబట్టి అలా చేశానని మా వదిన సర్దిచెప్పింది తర్వాత. అది అబద్ధం. దుఃఖం ఉంటే నెమ్మదిగా ఉండేవాణ్ణేమో. నాకు అప్పుడు గుర్తులూ, నియమాలూ తప్ప మనుషులు కనపడటం లేదు.

ఆ సాయంత్రమే గ్రామసభ పెద్ద మాట చెప్పేశాడు. ఆ ఇంటి ఆకు ఈ సీజన్‌కు వద్దు. నేను పరిచిన ఆకులు ఆమె ఏరుకొని, మళ్ళీ కట్ట కట్టి, చంకలో పెట్టుకొని పోయింది.

ఆకు తీసుకోకపోవడం ఒక్కటే అయితే పెద్ద సంగతి కాదు. పక్కపక్కన కుప్పలు పోసి కట్టలు కట్టేవాళ్ళు ఒకరినొకరు నమ్మాలి. ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చొని కట్టలు కట్టేవాళ్ళు లేరు. నేను కల్లానికి పోయే దారిలోనే ఆమె ఇల్లు. చావడిలో ఒక్కతే కూర్చొని చీపురు పుల్లలో, ఇంకేవో ఏరుకుంటూ కనపడేది. ఒకసారి నేను ఆగాను. ఆమె తలెత్తి, "ఏం గావాలె సేటూ?" అన్నది. ఏమీ వద్దని పోయాను. బిడ్డా అనలేదని గమనించాను. గమనించాను, అంతే.

మళ్ళీ ఏడాది కల్లం పెట్టడానికి వారం ముందు, ఆకు పక్వానికి వచ్చిందో లేదో చూడటానికి పోయాను. గ్రామసభ పెద్ద నా వెంట వచ్చాడు. గుట్ట దిక్కు చూసుకొని, ఎండ ముదిరేసరికి నది వైపు దిగాం. ఆ ఒడ్డు నేనెప్పుడూ చూడలేదు. కల్లంలో కూర్చొని ఆకు చూసేవాడికి ఒడ్డుతో పనేముంది?

ఒడ్డు మెట్టులాగా ఉంది. పైన ఎర్ర మొరం. కింద, నీళ్ళ వైపు, రెండేళ్ళ కిందటి వానల్లో నది పొంగినప్పుడు వేసిన మెత్తటి మట్టి మేట. మోకాలి లోతు ఉంటుంది. ఆ మధ్యనంతా తునికి పొదలే. పైన మొరంలో ఉన్న పొద ఆకు తెంపి చూశాను. గుండ్రంగా, మందంగా, అడుగున నూగుతో, నాన్న చెప్పిన ఆకు. నాలుగడుగులు దిగి ఇంకో పొద చూశాను. ఆకు కాస్త పొడుగైంది, నూగు తగ్గింది. ఇంకా దిగాను. ఇంకా పొడుగు, ఇంకా పలుచన. ఆఖరికి మేటలో, బురదలోంచి లేచినట్టున్న పొద దగ్గర ఆకు రుద్దితే వేలికి ఏమీ తగల్లేదు. ఎక్కడ తునికి ఆగింది, ఎక్కడ ఇంకోటి మొదలైంది అని గీత గీయమంటే గీయలేను. మళ్ళీ పైకెక్కాను, మళ్ళీ దిగాను. పెద్ద నన్నే వింతగా చూస్తున్నాడు.

"గీడ ఎవలు తెంపుతరు?" అని అడిగాను.

"గా అవ్వ జాగనే గద ఇది. ఆమె అత్త కూడ గీన్నే తెంపేది."

ఇంకా ఒప్పుకోలేదు నేను. నా మొండితనం అంత తేలిగ్గా పోయేది కాదు. కింది పొద వేరే జాతి కావొచ్చు, నది ఎక్కడి నుంచో విత్తనం తెచ్చి ఉండొచ్చు అన్నాను. పెద్ద ఒడ్డు కోసుకుపోయిన చోటుకు పోయాడు. అక్కడ మట్టి జారి వేర్లు బయటపడి ఉన్నాయి. నల్లటి వేరు ఒకటి, బొటనవేలంత లావు, మొరంలోంచి మేటలోకి ఏటవాలుగా పోతోంది. తునికి వేరు అడ్డంగా పాకి, దాని మీద నుంచే పిలకలు వేస్తుంది. అది అందరికీ తెలిసిందే. గొడ్డలి మడమతో మట్టి తొలిచి అతను ఆ వేరును రెండు వైపులా బయటికి తీశాడు. పై కొసన మందపాటి గుండ్రటి ఆకుల పిలక. కింది కొసన పలుచటి పొడుగాటి ఆకుల పిలక. మధ్యలో ఎక్కడా తెగలేదు. ఒకటే వేరు, ఒకటే చెట్టు.

నేను మేటలో కూర్చుండిపోయాను. ఆమె చెప్పిన మాట అక్షరాలా నిజం. పోయిన వానలకు నేల మారింది, అందుకే ఆకు గిట్ల వచ్చింది. ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. సిగ్గో, భయమో ఏదో ఒకటి కలగాలి కదా అని చూసుకున్నాను. చాలాసేపు ఏమీ కలగలేదు. అదే నన్ను భయపెట్టింది. ఒక మనిషికి ఇంత అన్యాయం చేశానని తెలిసినా లోపల కదలనివాణ్ణి, ఇక దేనికి కదులుతాను?

పెద్ద నా పక్కన కూర్చున్నాడు. "ఊకో సేటు. అయిందేదో అయింది. ఈసారి ఆమె ఆకు తీస్కుంటే సరిపాయె. ఎవలికి జెప్పుడెందుకు?"

ఆ మాట నాకు నచ్చింది. దాచడమెందుకు, చాలా నచ్చింది. నేను కాదన్నది ఇప్పుడు అవునంటే, రేపటి నుంచి నా మాటకు విలువేముంటుంది? సరే అన్నాను. వేరు మీద మళ్ళీ మట్టి కప్పేశాం.

రెండు రోజులు ఊళ్ళోనే ఉన్నాను. మూడో పొద్దున బోరింగు దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పడుతున్నారు. ఆ అవ్వ బిందె తీసుకొని వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, జరిగి దారి ఇచ్చారు కూడా. కానీ ఆమె వచ్చేదాకా నడుస్తున్న ముచ్చట ఆగిపోయింది. ఆమె బిందె నిండేదాకా ఆగిపోయే ఉంది. బోరింగు చప్పుడొక్కటే వినపడింది. ఏడాది నుంచి ఆమె నీళ్ళు పట్టుకుంటున్నది ఇలాగేనని అర్థమైంది. ఆమె ఆకు గుట్టుగా తీసుకున్నంత మాత్రాన ఆ ముచ్చట మళ్ళీ మొదలుకాదు.

సభ బడి వరండాలో పెట్టించాను. వేరును మళ్ళీ తవ్వి, రెండు కొసల పిలకలతో సహా కోసి తెచ్చి మధ్యలో పెట్టాను. తప్పు నాదని చెప్పాను. నేల మారితే జాతి మారదని నేను ఎగతాళి చేశానని, ఆమె అన్నదీ అదేనని, ఆమె ఏ చెడ్డ ఆకూ కలపలేదని చెప్పాను. పెద్ద దాన్ని గోండిలో మళ్ళీ చెప్పాడు. వేరు చేతులు మారింది. ఆడవాళ్ళు రెండు ఆకులూ తిప్పి తిప్పి చూశారు.

ఒకామె అడిగింది, "మరి అప్పుడెందుకు పోయి సూడలే సేటు?"

"పోలేదు."

"ఎందుకు?"

"నాకు తెలుసనుకున్న."

ఎవరూ నవ్వలేదు. అవ్వ వరండా చివర, స్తంభానికి ఆనుకొని కూర్చుంది. పెద్ద ఆమె వైపు తిరిగి, ఏమైనా అంటవా అవ్వా అని అడిగాడు. ఆమె నన్ను చూసే చెప్పింది.

"నువ్వు గాదంటే గాదైంది. ఇయ్యాల నువ్వు అవునంటే అవునైతున్నది. ఆకు మాత్రం అదే సేటూ. నా నోటి మాట అప్పుడూ ఎవలు ఇనలే, ఇప్పుడూ ఎవలు ఇనలే."

తల వంచుకొని కూర్చున్నాను. ఊరివాళ్ళు గోండిలో మాట్లాడుకున్నారు. ఆమె ఇంటి మీద ఉన్న మాట తీసేస్తున్నామని, ఆమె ఆకు ఎక్కడిదైనా కల్లంలోకి వస్తుందని పెద్ద చెప్పాడు. ఇద్దరు ముగ్గురు లేచి ఆమె దగ్గరికి పోయి కూర్చున్నారు. ఒక కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. చూస్తే అంతా చక్కబడినట్టే ఉంది.

కల్లం మొదలైంది. ఆమె చావడిలో మళ్ళీ నలుగురు కూర్చొని కట్టలు కట్టడం దారిలో పోతూ చూశాను. పొద్దు వాలాక ఆమె కట్టలు వచ్చాయి. ఆకు గుండ్రంగా, మందంగా ఉంది. మర్నాడూ అదే ఆకు. అది నది ఒడ్డుది కాదు, మొరం గుట్ట మీదిదని ఆమెతో కట్టలు కట్టే కోడళ్ళు చెప్పారు. ఆ గుట్ట ఊరికి చాలా దూరం. కుర్రకోడళ్ళే పోయి వచ్చేసరికి రొప్పుతుంటారు. ఆ వయసులో ఆమె చీకటుండగానే లేచి, అంత దూరం ఎక్కి దిగుతోంది. కింది ఒడ్డు మీద ఆమె పొదలు మంచి ఆకుతో నిండుగా ఉన్నాయి.

మూడో రోజు అడిగేశాను.

"అవ్వా, గుట్టకెందుకు పోతున్నవ్? కింది ఒడ్డుది తీస్కుంటనని అందరి ముందట చెప్పిన గద."

"చెప్పినవ్ సేటూ. ఇన్న."

"మరి?"

"పొద్దుగాల ముందుగాల ఆడికే పోత. పొద ముందట నిలవడుత. ఆకు మంచిగున్నది, నాకు దెల్వదా? తెంపుదామంటే చెయ్యి వస్తలేదు."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కాలు నొప్పి సంగతి చెప్పినట్టు చెప్పింది. అత్త నుంచి ఆమెకు వచ్చిన జాగా, యాభై ఏళ్ళుగా చేతికి తెలిసిన పొదలు. నేను మూడు సాయంత్రాల్లో వాటిని ఆమెకు పరాయివి చేశాను. సభ పెట్టి తిరిగి ఇచ్చేశానని అనుకున్నాను. నా భార్య పోయి ఏడాది దాటాక, మొదటిసారి ఏడుపొచ్చింది. ఆమెకు కనపడకూడదని తల పక్కకు తిప్పుకున్నాను.

ఆమె కట్టను విప్పకుండానే, తిప్పి చూడకుండానే వరసలో పెట్టమని పక్కనున్న మనిషికి ఇచ్చేశాను. నాకు చేతనైన మర్యాద అదొక్కటే అనిపించింది.

ఆమె వంగి ఆ కట్టను వరసలోంచి తీసింది. తెచ్చి నా ముందు పెట్టింది.

"సూడు సేటూ" అన్నది. "అందరియి సూసినట్టే సూడు."

నేను నార విప్పాను. ఆకులు ఒక్కొక్కటే తీసి చూశాను. వెనక వరసలో ఆడవాళ్ళు తమ వంతు కోసం ఎండలో నిలబడి ఉన్నారు. ఆమె ఆఖరి ఆకు అయ్యేదాకా కదలకుండా నా చేతులనే చూస్తూ నిలబడింది.